రంగు వేయించువాని ధర్మము

గృహస్థునకు విధింపబడిన ధర్మములు పెక్కులు కలవు. అతిథిపూజ, భూతదయ, దానము మున్నగువానినిగూర్చి వినని వారుండరు. కాని యింటికి రంగు వేయించునపుడు పాటింపవలసిన ధర్మ మొకటి కలదని యెవరును చెప్పగా మేము వినలేదు. ఇది యల్పవిషయమని కొందరు నవ్వవచ్చును. అల్పవిషయములయందే మన ధర్మబుద్ధి బయటపడునని మా నమ్మకము.

మొన్నటి సంక్రాంతికి ముందు మా యింటి తలుపులకును కిటికీలకును ఎనామెలు రంగు వేయించితిమి. పచ్చిరంగుపై దుమ్ము పడునని గది కిటికీలన్నియు మూయించితిమి. మధ్యాహ్నమునకు మేస్త్రీ వెలుపలికి వచ్చి, అరుగుమీద తల పట్టుకొని కూర్చుండెను. "ఏమి నాయనా?" యని యడిగితిమి. "ఏమీ లేదు పంతులుగారూ, థిన్నరు వాసనకు తల తిరిగినది. మాకు అలవాటే" నని యతడు నవ్వెను. ఆ రాత్రి వాసన పడక మేము పిల్లలను తీసికొని బంధువుల యింట పరుండితిమి. అక్కడ మాకు నిద్ర రాలేదు. ఒక రాత్రి మా పిల్లలకు కూడనిది, దినదినమును అతనికెట్లు కూడును?

ఆ వాసన యెట్టిదో తెలిసికొందము. ఎనామెలు రంగును పలుచన చేయుటకు టర్పెంటైనో థిన్నరో కలుపుదురు. ఆ ద్రావకము ఆవిరియై గాలిలో కలిసినగాని రంగు ఆరదు. మూసిన గదిలో ఆ యావిరి పోవుటకు పనివాని ఊపిరితిత్తులు తప్ప వేఱు దారి లేదు. తలనొప్పి, తలత్రిప్పు, వికారము, కండ్లమంట వెంటనే కలుగును. ఏండ్లతరబడి పీల్చినచో జ్ఞాపకశక్తియు నరములును చెడునని డెన్మార్కు మొదలగు ఉత్తర ఐరోపాదేశముల వైద్యులు 1970వ దశకమునుండి గుర్తించిరి. రంగులు వేయు వృత్తియే పుట్టకురుపునకు కారణమగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1989లో నిర్ణయించెను. అలవాటగునది ముక్కు మాత్రమే. వాసన తెలియకుండ పోవునుగాని విషము విషముగానే యుండును.

పాత రంగున మఱియొక కీడు దాగియున్నది, అది సీసము. పిల్లలకు సోకిన సీసవిషము ఇంటి రంగునుండియే వచ్చుచున్నదని ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు వైద్యుడు లాకర్టు గిబ్సను 1904లోనే చూపెను. మనదేశమున పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించి సీసమున్న యింటిరంగులు కూడవను నియమము 2017 నవంబరు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన తలుపులను పొడిగా ఉప్పుకాగితముతో రుద్దినచో, ఆ ధూళి మేస్త్రీ రొమ్మునకును నేలపై ప్రాకు పసివాని చేతికిని చేరును.

"కూలి యిచ్చితిమి గదా!" యని కొంద రందురు. కూలి శ్రమకు వెల. ఊపిరికి వెల కట్టినవా రెవ్వరు? "అతడే జాగ్రత్తపడడు, మేమేమి చేయుదుము?" అని మఱికొందరు. కిటికీ తెఱువుమని గట్టిగా నడిగినచో రేపటి పని పోవునేమోయని భయపడువానికి జాగ్రత్త సులభమా? వ్యాకరణమున చేయించువానికి ప్రయోజకకర్త యని పేరు. చేయువాడెట్లు కర్తయో చేయించువాడును అట్లే కర్త. పండుగనాడు చుట్టములతో "రంగు వేయించితిమి" అని గర్వముగా చెప్పుకొను మనము, అందలి కీడు వచ్చునప్పటికి "వేసినవాడు వేఱు" అనుట న్యాయమగునా?

ఈ ధర్మమునకు ధనవ్యయ మంతగా లేదు. నీటితో కలుపు రంగు చాలినచోట నూనెరంగు కోరరాదు. పని జరుగునపుడును, ఆరునంతవఱకును ఎదురెదురు కిటికీలు తెఱచియుంచవలెను. ముక్కునకు కట్టిన గుడ్డ కొంత దుమ్మును ఆపునేమో కాని ఆవిరి నాపదు. అందులకు బొగ్గువడపోత గల ముసుగు కొని యీయవలెను. పాత రంగును తడిపియే రుద్దింపవలెను. గర్భిణులను పసివారిని దూరముగా నుంచవలెను. ఆ యావిరి గాలికంటె బరువైనది, నేలవెంట ప్రాకి నిప్పు నందుకొనును. కావున పొయ్యి, దీపము, బీడి దాపున ఉండరాదు. అవిసెనూనె అంటిన గుడ్డలు కుప్పగా నున్నచో తమంత తామే కాలును. వానిని విడివిడిగా ఆరుబయట పఱచి ఆరవేయవలెను. చేతులను థిన్నరుతో గాక వంటనూనెతోను సబ్బుతోను కడుగుకొననీయవలెను. మిగిలినదానిని నీళ్లసీసాలో పోసి దాచరాదు. బిడ్డ పొరపాటున త్రాగినచో వాంతి చేయింపక వెంటనే వైద్యునికడకు తీసికొనిపోవలెను. వాంతిలో నది ఊపిరితిత్తులలోనికి పోవును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది గడువు. పండుగలోపల ముగింపవలెనను మన తొందరయే కిటికీలను మూయించుచున్నది, విశ్రాంతిని హరించుచున్నది. మఱునాడు మేము కిటికీలన్నియు తెఱపించి, గంటగంటకు వెలుపలికి వచ్చి కూర్చుండుమని మేస్త్రీకి చెప్పి, పండుగ పిమ్మటనే పని ముగింపుమంటిమి. భోగినాటికి మా వీథితలుపు సగము పాతరంగుతోనే యుండెను. చూడవచ్చినవారు అదేమని యడిగిరి. దుమ్ము పడి పెరటితలుపుపై అక్కడక్కడ గరుకు నిలిచినది. అది యిప్పటికిని అట్లే యున్నది. దిద్దింపవలెనని మాకు తోచలేదు.