మొక్కు తీరాక సముద్రం చూడబోతే తప్పా?

తిరుపతికి వచ్చేవాళ్లలో చాలామంది ప్రయాణం దర్శనంతో ముగియదు. కొండ దిగి తిరుచానూరు అమ్మవారికి దండం పెట్టుకుని, కాణిపాకానికో కాళహస్తికో వెళ్లి, పిల్లలు గొడవ చేస్తే చంద్రగిరి కోటకో తలకోన జలపాతానికో బండి తిప్పుతారు. ఇంకో రెండు రోజులు చేతిలో ఉన్నవాళ్లు మద్రాసు మెరీనా, మహాబలిపురం కూడా చూసి వస్తారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు ఊళ్లు తిరుపతి జిల్లాలో కలిశాయి. దాంతో వెంకన్న కొండ ఉన్న జిల్లాకే పులికాట్ సరస్సూ, శ్రీహరికోటా, తూపిలిపాలెం సముద్రపుటొడ్డూ వచ్చి చేరాయి. ఉదయం దర్శనం చేసుకున్నవాళ్లు సాయంత్రానికి అలల్లో కాళ్లు తడుపుకోవచ్చు. ఇక్కడే పెద్దవాళ్లకు మనసు ఒప్పదు. దేవుణ్ణి చూసుకున్నాక నేరుగా ఇల్లు చేరాలనీ, అందులోనూ కాళహస్తి చూశాక మధ్యలో ఎక్కడా ఆగకూడదనీ గట్టి నమ్మకం ఉంది. పుణ్యానికని బయల్దేరి సరదాలకు తిరిగితే చేసుకున్న పుణ్యం దారిలోనే కరిగిపోతుందని వాళ్ల భయం. ఈ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు. దాని వెనక ఒక అసలైన ప్రశ్న ఉంది: భక్తికీ వినోదానికీ పొత్తు కుదురుతుందా? కుదురుతుందనే నా సమాధానం. అంతకంటే ఒక అడుగు ముందుకేసి, దర్శనం మనలో ఏం చేసిందో తేలేది ఆ విహారంలోనే అని కూడా అంటాను.

ముందుగా ఆ కొండమీద దేవుడి దినచర్య ఎలా ఉంటుందో చూద్దాం. తిరుమల ఆలయ క్యాలెండరులో స్వామి గర్భగుడి దాటి బయటికొచ్చే రోజులు బోలెడు. ఫాల్గుణ పౌర్ణమితో ముగిసేలా ఐదు రోజులు పుష్కరిణిలో తెప్పోత్సవం చేస్తారు. మొదటి రోజు సీతారామలక్ష్మణులు, రెండో రోజు రుక్మిణీ సమేతుడైన కృష్ణుడు, చివరి మూడు రోజులూ ఉభయ దేవేరులతో మలయప్పస్వామి దీపాల వెలుగులో నీటిమీద తిరుగుతారు. చైత్రంలో వసంతోత్సవం. ప్రతి సాయంత్రం ఊంజల్ సేవ. కనుమ నాడు పార్వేట ఉత్సవం. ఆ రోజు స్వామి పార్వేట మండపానికి వేటకు వెళ్తాడు. ఆయన తరఫున అర్చకులు ముందుకు పరుగెత్తి బల్లెం విసురుతారు, జనం గోవింద కొడతారు. పడవ షికారు, ఊయల, రంగుల పండగ, వేట అని పేర్లు పెట్టి విడిగా చెప్తే ఇవన్నీ సెలవుల్లో మనం కోరుకునే సరదాలే. ఇవి దేవుడి మహిమను తగ్గిస్తాయని వెయ్యేళ్లకు పైబడిన ఆగమ సంప్రదాయం ఏనాడూ అనుకోలేదు. దేవుడికి వేళకు నైవేద్యం పెట్టినట్టే వేళకు విహారమూ జరిపింది. గుడి బయటి గాలి తగిలితే భక్తి చెడిపోతుందని అనుకుని ఉంటే ఈ ఉత్సవాలు పుట్టేవే కావు.

ఇది ఆగమాలున్న పెద్ద గుళ్ల సంగతి మాత్రమేనని ఎవరైనా అంటే, కొండ కింద వీధుల్లోకి రావచ్చు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏడు రోజులూ ఊరంతా వేషాలే. ఒకరోజు ఒంటినిండా నామకొమ్ము పూసుకున్న బైరాగులు, ఇంకోరోజు బొగ్గుపొడి పులుముకుని వేపమండలు కట్టుకున్న తోటులు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు తొడుక్కుని అమ్మవారి ముందు నిలబడతారు. చూసేవాళ్లకు అది నవ్వు, వేసుకున్నవాళ్లకు అది మొక్కు. రెండూ ఒకే మనిషిలో ఒకే గంటలో ఉంటాయి. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం తిరునాళ్లూ ఇలాంటివే. రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ తపసుమాను ఎక్కుతుంటే, పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద చేరతారు. పైనుంచి అతను విసిరే ప్రసాదం కోసం కొంగు పడతారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడి గంతులు, సాయంత్రం నిప్పులగుండం. ఇందులో ఎంతవరకు నాటకం, ఎక్కడినుంచి పూజ అని గీత గీయమంటే ఆ ఊళ్లో ఎవరూ గీయలేరు. ఎందుకంటే వాళ్ల అనుభవంలో ఆ గీత లేదు. సరదా ఒకవైపు, శ్రద్ధ ఒకవైపు అని విడగొట్టుకున్నది మనమే.

సరే, ఉత్సవం దేవుడి చుట్టూ జరుగుతుంది, సముద్రపుటొడ్డున దేవుడెక్కడ అని అడగవచ్చు. దీనికి శాస్త్రంలోనే జవాబుంది. రావిచెట్టునూ సముద్రాన్నీ ఎప్పుడైనా సేవించవచ్చు గానీ ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకోరాదనీ, రావిని శనివారం, సముద్రాన్ని పర్వదినాల్లో తాకవచ్చనీ పెద్దలు చెప్తారు. కార్తిక, మాఘ పౌర్ణములకు మన తీరమంతా స్నానాలకు జనం పోటెత్తేది అందుకే. ఆ మాటలో నిషేధం ఒక్కటే చూసి ఊరుకుంటాం. ఎప్పుడైనా సేవించవచ్చన్న సగం మరిచిపోతాం. అంటే సముద్రం ఎదుట నిలబడి చూడటానికి తిథీ వారమూ అక్కర్లేదు. రామేశ్వరంలో యాత్ర మొదలయ్యేదే అగ్నితీర్థంలో, అంటే సముద్రంలోనే. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేయమని చెప్పినవాళ్లు, అడవిలో అరిటాకులు పరుచుకుని అందరూ కలిసి తినడాన్నే వ్రతం చేశారు. తిరుమలలో కూడా ఆ వనభోజనం పార్వేట మండపం దగ్గర జరుగుతుంది. కొండనీ చెట్టునీ నీటినీ చూసి సంతోషించడం మనవాళ్లకు ఏనాడూ భక్తికి బయటి విషయం కాలేదు.

చూడటం ఒక సాధన అనడానికి తెలుగులోనే గొప్ప సాక్ష్యం ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, తిరుపతి మీదుగా ఉత్తరాదికి పోయి, పూరీ నుంచి కోస్తా దారిన 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రలో స్నానాలూ దానాలూ శ్రాద్ధాలూ ఎంత శ్రద్ధగా ఉన్నాయో, దారిలో ఊళ్లూ నదులూ సత్రాలూ తిండీ మనుషుల ఆచారాలూ అంతే శ్రద్ధగా ఉన్నాయి. లోకాన్ని కళ్లారా చూసినందువల్ల ఆయన కాశీయాత్ర పుణ్యం తగ్గిందని ఎవరూ అనలేదు. ఆ కళ్లతో మన కొండనే చూస్తే ఏం కనిపిస్తుంది? తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట అడుగున గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్జైటు ఉంటాయి. ఆ రెంటికీ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల కాలం గల్లంతయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ పైరాయి ఒకప్పుడు నీళ్లు మేటవేసిన ఇసుక. చక్రతీర్థం దారిలోని శిలాతోరణం గాలీ వానా ఆ రాతినే తొలిచి నిలబెట్టిన వంపు. దాని ముందు నిలబడి ఈ కాలం లెక్క తలుచుకుంటే మన అహంకారం ఎంత చిన్నదో తెలుస్తుంది. అది తెలియడం కోసమే కదా గుడికి వెళ్లేది! సెల్ఫీ తీసుకుని తిరిగొచ్చేవాడికీ ఇది విహారమే, ఆ రాయిని చదివేవాడికీ విహారమే. తేడా విహారంలో లేదు, చూపులో ఉంది.

అయితే బలమైన ఆక్షేపణ ఒకటి మిగిలే ఉంది. ఎవరి కాళ్లూ చేతులూ మనసూ అదుపులో ఉంటాయో వాళ్లకే తీర్థఫలం దక్కుతుందని మహాభారతం అరణ్యపర్వంలోని తీర్థయాత్రా ఘట్టం చెప్తుంది. విహారమంటే ఇంద్రియాలకు పగ్గాలు వదలడమే కదా, మరి ఈ రెంటికీ ఎలా పొసగుతుంది? ఇంద్రియ నిగ్రహమంటే కళ్లు మూసుకోవడం అనుకుంటే పొసగదు. కానీ కనిపించిన ప్రతిదాన్నీ నాది చేసుకోవాలన్న ఆత్రాన్ని ఆపుకోవడమే నిగ్రహమైతే, మంచి విహారానికి కావలసింది సరిగ్గా అదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో ఆ రోడ్డుకు అటూ ఇటూ లోతులేని ఉప్పునీళ్లలో ఫ్లెమింగోలు దిగుతాయి. అవి పొడవాటి మెడ వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదనీటిని వడగట్టుకుంటూ ఓపిగ్గా మేస్తాయి. వాటిని చూడాలంటే దూరంగా, గొంతు తగ్గించి, కదలకుండా నిలబడాలి. ఇంకా దగ్గరికి వెళ్దామని నీళ్లలోకి దిగినా, హారన్ కొట్టినా గుంపు మొత్తం లేచిపోతుంది. ఆశ పెరిగినకొద్దీ అందం దూరమవుతుంది. క్యూలో నిలబడి రెప్పపాటు దర్శనానికి తృప్తిపడటం నేర్చినవాడికి ఇది కొత్త పాఠం కాదు.

ఇంకో ఆక్షేపణ సౌఖ్యం గురించి. పూర్వం కొండెక్కడమంటే కాలినడకో డోలీనో. మొదటి ఘాట్ రోడ్డు 1944లో గానీ రాలేదు. ఆ కష్టంలో భక్తి ఉండేదనీ, ఏసీ బస్సులో వచ్చి రిసార్టులో దిగే యాత్రలో అది ఎగిరిపోయిందనీ కొందరు బాధపడతారు. కష్టానికి విలువ ఉంది, కాదనను. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కుతూ మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. కానీ ఆ విలువ కాళ్ల నొప్పిలో లేదు, ఇష్టపడి ఆ నొప్పిని భరించడంలో ఉంది. ఇంకో దారి లేక పడిన కష్టాన్ని పుణ్యం ఖాతాలో వేయలేం. పైగా పాతకాలపు యాత్ర ఏడుపుగొట్టు ప్రయాణమేమీ కాదు. పాటలూ భజనలూ చెట్టుకింద వంటలూ తెలియని ఊరివాళ్లతో కబుర్లూ అందులో భాగమే. తరిగిపోయింది కష్టం కాదు, తీరిక. ఒక్కరోజులో ఐదు గుళ్లు, రెండు జలపాతాలు, ఒక బీచి అని పరుగు పెట్టే ప్యాకేజీలో భక్తికీ చోటు లేదు, వినోదానికీ చోటు లేదు.

వీటన్నిటికంటే గట్టిది కంటికి కనిపించే ఆక్షేపణ. తలకోన జలపాతం కింద సీసా పెంకులు, సముద్రపుటొడ్డున ప్లాస్టిక్ గ్లాసులు, గుడి ఎదుట సినిమా పాటలకు రీళ్లు. విహారాన్ని ఒప్పుకుంటే వచ్చే ఫలితం ఇదే కదా అంటారు. ఈ ఆరోపణ నిజం, దీనికి సాకులు చెప్పను. కానీ దోషం ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవాలి. డబ్బు పెట్టాను కాబట్టి ఈ చోటు నాదే అనుకునేవాడు జలపాతం దగ్గర ఎలా ఉంటాడో దర్శనం క్యూలోనూ అలాగే ఉంటాడు, ముందున్నవాణ్ణి తోసుకుని వెళ్తాడు. వాడి జబ్బు వినోదం కాదు, తాను అతిథినన్న సంగతి మరవడం. అతిథిని దేవుడిగా చూడమని ఇంటివాళ్లకు చెప్పిన ధర్మం, వచ్చిన ఇంటిని గౌరవించమని అతిథికీ చెప్తుంది. యాత్రికుడు కొండకూ అతిథే, అడవికీ అతిథే, తూపిలిపాలెం ఒడ్డున వల ఆరబెట్టుకునే జాలరికీ అతిథే. కొండమీద ప్లాస్టిక్ సీసాలు నిషేధిస్తే అందరం ఒప్పుకున్నాం, గాజు సీసాలతో సర్దుకున్నాం. అదే మర్యాద గుడి గోపురం కనపడని చోట ఎందుకు ఉండకూడదు? దేవుడు అంతటా ఉన్నాడని నమ్మేవాళ్లం కదా, చెత్తబుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ నమ్మకం ఏమవుతోంది?

చివరి అభ్యంతరం డబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ పట్టి వచ్చేది. అప్పు చేసి కొండకొచ్చే కుటుంబానికి విహారం ఎక్కడిది, ఇదంతా ఉన్నవాళ్ల వేదాంతం కాదా? గంగమ్మ జాతరకూ, పుష్కరిణి మెట్లమీద కూర్చుని చూసే తెప్పకూ, భారతం వీధినాటకానికీ టికెట్టు లేదు. మన సంప్రదాయం ఆనందాన్ని అందరికీ ఉచితంగా పెట్టింది, అన్నప్రసాదం పెట్టినట్టే. ఆ వరసలో ఆలోచిస్తే సముద్రపుటొడ్డు, సరస్సు, జలపాతం కూడా అందరివిగానే ఉండాలి. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, సాయంత్రం తిరుపతికి చేర్చే ఆర్టీసీ బస్సు, లోతున్న చోట హెచ్చరిక బోర్డూ కాపలా మనిషీ ఉంటే, కూలీ చేసుకునే తల్లి కూడా పిల్లలకు సముద్రం చూపించగలదు. ఒడ్డును రిసార్టులకు పంచిపెట్టి సామాన్యుణ్ణి దూరం పెట్టడం ప్రభుత్వానికి విధానపరమైన తప్పే కాదు, ధర్మపరమైన తప్పు కూడా.

కాబట్టి నేరుగా ఇంటికి రమ్మనే పెద్దల మాటలోని ఆందోళనను గౌరవిస్తూనే ఈ మాట చెప్పాలి. గుళ్లో మంచిగా ఉండటం కష్టం కాదు. గంటలూ కర్పూరమూ గోవింద నామాలూ మనల్ని కాసేపు మంచివాళ్లను చేస్తాయి. ఆ మంచితనం మనదేనా, ఆ చోటు పెట్టిన అప్పా అన్నది గడప దాటాక మొదట ఆగిన చోటే తెలుస్తుంది. అక్కడ పక్కవాడికి చోటిచ్చామా, పక్షిని బెదరగొట్టకుండా చూశామా, తెచ్చిన చెత్త తిరిగి తీసుకెళ్లామా, మన సంతోషం ఇంకొకరికి ఇబ్బంది కాకుండా చూసుకున్నామా అన్నవే లెక్కకొస్తాయి. వీటికి అవునని చెప్పగలిగినవాళ్లు మొక్కు తీరాక నిశ్చింతగా సముద్రానికి వెళ్లవచ్చు, వాళ్ల యాత్ర ఇంకా సాగుతున్నట్టే. చెప్పలేనివాళ్లు ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చినా, వాళ్లకు దర్శనం ఇంకా కాలేదు.