పోకెమాన్‌లో కష్టం ఎక్కడుంటుంది?

పోకెమాన్ ఆటల్లో కష్టం ఆటకు చెందిన గుణమా, ఆడేవాడి స్థితా అన్నది పైకి చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో గేమ్‌బాయ్ మీద రెడ్, గ్రీన్ అనే జంటతో మొదలైన ఈ వరుస మూడు దశాబ్దాలుగా సాగుతోంది. పాతవాటిలో పస ఉండేది, కొత్తవి మరీ తేలికైపోయాయి అనే ఫిర్యాదు కూడా చాలాకాలంగా దాని వెంటే నడుస్తోంది. ఫిర్యాదు చేసేవాళ్ళలో ఎందరో పాత ఆటను బడి వయసులో, కొత్తదాన్ని ఉద్యోగం చేసే వయసులో ఆడినవాళ్ళు. అలాగని వాళ్ళ మాటను కొట్టిపారేయడానికి లేదు. ఆడేవాడు మారాడు, ఆటా మారింది. ఎవరి వాటా ఎంతో తేల్చడమే చిక్కు.

పదిహేడో శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ వస్తువుల గుణాలను రెండు తెగలుగా విడదీశాడు. ఆకారం, సంఖ్య, చలనం వంటివి చూసేవాడు లేకపోయినా వస్తువులో ఉంటాయి. రంగు, రుచి వంటివాటి విషయంలో వస్తువులో ఉండేది మనలో ఆ అనుభవాన్ని పుట్టించే శక్తి మాత్రమే. పోకెమాన్‌లో ప్రత్యర్థి లెవెల్, దాడి బలం, ఏ జాతికి ఏది విరుగుడో చెప్పే పట్టిక మొదటి తెగలోకి వస్తాయి. కష్టం రెండో తెగది. అంతమాత్రాన అది ఉత్త భ్రమ అనుకోకూడదు. చింతపండు పులుపు నాలుక మీదే పుట్టినా, చింతపండులో ఏమీ లేదని ఎవరూ అనరు కదా.

ఈ శక్తి ఎలా పనిచేస్తుందో 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లోని విట్నీ చూపిస్తుంది. గోల్డెన్‌రాడ్ నగరపు జిమ్ లీడర్ అయిన ఈమె దగ్గర మిల్ట్యాంక్ అనే ఆవు ఉంటుంది. దాని రోల్‌అవుట్ దాడి 30 బలంతో మొదలై, తగిలినకొద్దీ రెట్టింపవుతూ ఐదో దెబ్బకు 480కి చేరుతుంది. దాన్ని సగం నీరసింపజేసేలోపు పాలు తాగి మళ్ళీ కోలుకుంటుంది. పైగా అట్రాక్ట్ అనే ఎత్తుతో మగ పోకెమాన్‌లను మోహంలో పడేసి, సగంసార్లు కదలకుండా చేస్తుంది. ఆట మొదట్లో చేతికిచ్చే పోకెమాన్ ఎనిమిదింట ఏడుసార్లు మగదే అవుతుంది కాబట్టి ఈ ఉచ్చులో పడనివాళ్ళు తక్కువ. ఎందరో పిల్లలు ఇక్కడ ఆగిపోయారు. అయితే అదే నగరంలోని డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఒకరికి డ్రౌజీని ఇస్తే బదులుగా మాచాప్‌ను ఇస్తారు. డ్రౌజీ ఊరి పొలిమేరల్లోనే దొరుకుతుంది. మాచాప్ ఫైటింగ్ జాతిది కనుక మిల్ట్యాంక్‌కు సరైన మొగుడు. అందులోనూ ఆడది, మోహం దాని మీద పారదు. మెట్లెక్కి ఆ దుకాణమంతా తిరిగిన పిల్లకు విట్నీ కాసేపటి పని. తిరగనివాడికి కొండ. అంకెలు ఇద్దరికీ ఒకటే.

అంటే ఈ వరుసలో కష్టం చాలావరకు తెలియకపోవడమే. మొట్టమొదటి ఆటలోనే ఆ సంగతి ఉంది. బల్బసార్‌నో స్క్విర్టిల్‌నో ఎంచుకున్నవాడు తొలి జిమ్‌లో బ్రాక్ రాతి పోకెమాన్‌లను సులువుగా దాటేస్తాడు. నిప్పు జాతి చార్మాండర్‌ను ముచ్చటపడి తీసుకున్నవాడు చెమటోడుస్తాడు. సులభం, కఠినం అని ఎక్కడా రాసి ఉండదు. ఆ ఎంపిక జరిగిపోయిందని కూడా పిల్లవాడికి తెలియదు.

తెలియనితనానికి ఈ ఆటలో పెద్ద శిక్ష లేదన్నది రెండో విషయం. ఓడితే తొలి ఆటల్లో సగం డబ్బు పోయేది, పోకెమాన్ సెంటర్‌లో కళ్ళు తెరవాల్సివచ్చేది, అంతే. సంపాదించిన అనుభవం ఎక్కడికీ పోదు. గడ్డిలో తిరుగుతూ అడవి పోకెమాన్‌లతో పోరాడి లెవెల్ పెంచుకుంటూ పోతే, వ్యూహమే రానివాడు కూడా ఏదో ఒక రోజు గెలుస్తాడు. 2014 ఫిబ్రవరిలో ట్విచ్ అనే ప్రత్యక్షప్రసార వేదిక మీద పది లక్షలకు పైగా జనం ఒకే రెడ్ ఆటకు ఎవరికి తోచిన ఆజ్ఞ వారు పంపుతూ, గోడలకు గుద్దుకుంటూ, పదహారు రోజుల్లో దాన్ని ముగించారు. తెలివికి బదులు ఓపికను తీసుకునే ఆట అది. కాబట్టి పాత ఆటల కష్టమని తలుచుకునేదాంట్లో కొంత నిజానికి కాలయాపనే.

ఆ ఓపిక పన్నునే తయారీదారులు క్రమంగా తగ్గించారు. 2013లో ఎక్స్, వై ఆటలతో ఎక్స్‌పీ షేర్ అనే ఏర్పాటు జట్టు మొత్తానికీ అనుభవం పంచసాగింది. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లలో దాన్ని ఆపే మీటే తీసేశారు. ఒకసారి ఎదురైన పోకెమాన్ మీద ఏ దాడి బాగా పారుతుందో 2016 నుంచి తెర మీదే కనిపిస్తోంది. తెలియనితనమూ తగ్గింది, ఎదురుచూపూ తగ్గింది. ప్రతి కొత్త ఆటా ఎవరో ఒక పిల్లకు మొదటి ఆట అవుతుంది కాబట్టి ఇందులో తప్పుపట్టడానికి పెద్దగా లేదు. విచిత్రమైనది 2012 నాటి బ్లాక్ 2. అందులో కఠిన స్థాయి ఉంది. కానీ ఒకసారి ఆట పూర్తి చేస్తే గాని దాని తాళం దొరకదు. దారంతా తెలిసిపోయాకే కష్టాన్ని బహుమతిగా ఇచ్చారన్నమాట.

ఇది చాలని ఆటగాళ్ళు కష్టాన్ని తామే తయారుచేసుకున్నారు. 2010లో ఒక వెబ్ కామిక్ ద్వారా ప్రచారమైన నజ్‌లాక్ పద్ధతిలో రెండు నియమాలు ముఖ్యం: సొమ్మసిల్లిన పోకెమాన్ చచ్చినట్టే లెక్క, ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైనదాన్ని మాత్రమే పట్టాలి. ఆటలో ఒక్క అంకె కూడా మారదు. అయినా విట్నీ గుమ్మం ముందు చేయి వణుకుతుంది. అనవసరమైన అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటే ప్రయత్నమే ఆట అని తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో ‘ది గ్రాస్‌హాపర్’ పుస్తకంలో నిర్వచించాడు. ఆ లెక్కన నజ్‌లాక్ ఆటకు తగిలించిన తోక కాదు, ఆట స్వభావం విప్పిచూపే రూపం.

ఎప్పుడైనా తీసేయగల అడ్డంకి నిజమైన అడ్డంకేనా అన్న సందేహం ఇక్కడ వస్తుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నవాడి ఆకలీ, కరువులో చిక్కినవాడి ఆకలీ కడుపులో ఒకేలా మండవచ్చు. మొదటివాడు వంటింటి తలుపు తెరవగలడు. తెరవకపోవడమే అతని వ్రతం. ఆకలి బూటకమని అనలేం. కానీ ఆ వ్రతంలో ఒకటి లోపిస్తుంది: తన నియమాన్ని తానే రాసుకున్నవాడిని ఆ నియమం ఆశ్చర్యపరచలేదు. మిల్ట్యాంక్ వెనక మరొకరి బుర్ర ఉంది, ఆడేవాడు ఎక్కడ పొరబడతాడో ముందే ఊహించిన బుర్ర. 2017 నాటి అల్ట్రా సన్, అల్ట్రా మూన్‌లలో యుద్ధం మొదలవగానే తన అన్ని బలాలనూ పెంచుకునే అల్ట్రా నెక్రోజ్మా అటువంటిదే. పాత ఆటగాళ్ళు పోయిందని వగచేది బహుశా ఈ ఎదుటివాడి ఉనికినే. లెవెళ్ళ లెక్క దానికి ఒక సాకు.

ఆ ఎదుటివాడు మనిషే అయితే కష్టానికి పైకప్పు ఉండదు. 2009లో మొదలైన ప్రపంచ స్థాయి వీడియో గేమ్ పోటీల్లో ఒక్కో పోకెమాన్‌కు శిక్షణతో పంచగల 510 పాయింట్ల కేటాయింపు దగ్గర్నుంచి, ప్రత్యర్థి తర్వాతి ఎత్తు మీద పందెం వరకు అన్నీ లెక్కకొస్తాయి. జాతుల పట్టిక అందరికీ కంఠస్థమైన ఆ చోట తెలియనితనం మిగిలేది ఎదుటి మనసు గురించే. కథను నిద్రమత్తులో ముగించినవాడు ఇక్కడ తొలి రౌండులోనే ఇంటిదారి పట్టవచ్చు, అదే పోకెమాన్‌లతో, అవే దాడులతో.