గోపురము కట్టగోరినవాడు, తలాంతు దాచినవాడు

అండమాను దీవుల ముఖ్యపట్టణమునకు 2024వ సంవత్సరములో శ్రీ విజయపురమని క్రొత్త పేరు వచ్చినది గాని, జనుల నోట అది యింకను పోర్టు బ్లెయిరే. ఆ పట్టణపు పేటలలో గోల్ ఘర్ ఒకటి. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ దీవులయందు తెలుగు తమ మాతృభాష యని వ్రాయించుకొన్నవారు దాదాపు 50 వేలమంది. వీరిలో అనేకుల పెద్దలు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఓడయెక్కి, చేపల వేటకో, కూలికో, చిన్న కొలువుకో వచ్చినవారు. సముద్రము దాటి వచ్చినవాడు తాను మోసిన బరువును తన బిడ్డ మోయవలెనని కోరడు. కనుకనే ఆ యిండ్లలో డాక్టరు అను మాటకు అంత విలువ.

అట్టి యింట పుట్టిన యొక యువతిని తలంచుకొనవచ్చును. ఆమె పన్నెండవ తరగతి ముగించి యేడాది కావచ్చినది. జీవశాస్త్రములో ఫరవాలేదు, రసాయనశాస్త్రములో అంతంతమాత్రము, భౌతికశాస్త్రములో ఎట్లో గట్టెక్కినది. మొత్తముమీద సగమునకు కొంచెము పైగా మార్కులు. వైద్యవిద్యకై దేశమంతటికి జరుగు నీట్ పరీక్ష ఒకసారి వ్రాసినది. అర్హతకు కావలసిన హద్దును కూడ ముట్టలేదు. ఇప్పుడు మరల దరఖాస్తుల కాలము వచ్చినది. తండ్రి రుసుము డబ్బు సిద్ధముచేసి యుంచినాడు. తల్లి ప్రతి ఆదివారము సంఘములో ఇచ్చు ప్రార్థన చీటిలో మూడేండ్లుగా ఒకే మాట వ్రాయుచున్నది: మా అమ్మాయికి డాక్టరు సీటు. ఆ అమ్మాయి మాత్రము మౌనముగా నున్నది. దరఖాస్తు పెట్టవలెనా, మానవలెనా?

గడువు తేదీ దాటగానే తీరిపోవు ప్రశ్న యిది యని కొందరు తలంతురు. విశ్వాసి యింట నట్లు తీరదు. అది దేవుని చిత్తమును గూర్చిన ప్రశ్నగా మారును. సలహా చెప్పువారికి సంఘములో కొదువ లేదు, ప్రతివాని చేతను వాక్యమున్నది. ఒక పెద్ద వచ్చి, "విశ్వాసముంచి వ్రాయుమమ్మా, తలాంతును భూమిలో దాచినవానికి ఏమి జరిగెనో మత్తయి 25వ అధ్యాయములో చదువలేదా?" అనును. ఆయన వెళ్లగానే మరియొకరు వచ్చి, "గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో ప్రభువే చెప్పెను గదా, నలుగురిలో నవ్వులపాలు కానేల తల్లీ?" అనును. ఇద్దరును ఆమె మేలు కోరినవారే. ఇద్దరి మాటలు విన్న తరువాత ఆమె మౌనము మరింత ఎక్కువగును.

ఒక ఉపమానము సాహసమును, ఒకటి జాగ్రత్తను బోధించుచున్నదని తలంచి, ఎవరి స్వభావమునకు తగినదానిని వారు ఏరుకొనుట వాడుకయైనది. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి వేరొక సంగతి కనబడును. తలాంతు దాచినవాడు జాగ్రత్తపరుడు కాడు. అతడు లెక్కయే చూచుకొనలేదు. చూచుకొనియున్నచో సొమ్మును సాహుకారులయొద్ద నుంచి వడ్డీయైనను రాబట్టవచ్చునని తోచియుండును; యజమానుడు ఎత్తిచూపిన తప్పు అదియే గదా. అతడు చేసినదంతయు భయపడుట. గోపురము కట్టగోరినవాడు లెక్కకు కూర్చుండుట భయముచేత కాదు, కట్టవలెనను ఆశచేతనే. లెక్క చూచి, చాలదని తెలిసి మానుకొన్నవానిని ప్రభువు నిందింపలేదు. నవ్వులపాలైనవాడు లెక్కలేక పునాది వేసినవాడు. కాబట్టి ఈ రెండు ఉపమానములును ఎదురెదురుగా నిలువవు. లెక్క చూడని ఇద్దరినిగూర్చి ప్రభువు చెప్పియున్నాడు: ఒకడు భయపడి పాతిపెట్టెను, ఒకడు తొందరపడి పునాది వేసెను. విశ్వాసమని పిలువబడుచున్నది ఒక్కొక్కప్పుడు ఆ రెండవవాని తొందరయే.

ఇంతకు ఆ యువతి చూడవలసిన లెక్క యేది?

మార్కులు మనుష్యుని కొలువలేవని వేదికలమీద చెప్పుట సులభము. కొలువగలవు, కొంతవరకు. నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగము, అనగా 360, జీవశాస్త్రమునకే. తక్కిన రెండు శాస్త్రములకు 180 చొప్పున. సరియైన జవాబునకు నాలుగు మార్కులు వచ్చును. తప్పు జవాబునకు ఒకటి పోవును. వ్రాయక విడిచినదానికి రాదు, పోదు. (తెలియనిచోట ఊరకుండుట తప్పు చెప్పుటకంటె మేలని ఈ పరీక్ష నేర్పుచున్నది. రోగి మంచమునొద్ద నిలుచువానికి అంతకంటె అక్కరయైన పాఠము మరియొకటి కలదా?) అర్హతకు సాధారణ వర్గమువారు 50వ పర్సెంటైలులో నుండవలెను, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారు 40వ పర్సెంటైలులో. అది నూటికి ఏబది మార్కులని అర్థము కాదు. వ్రాసినవారిలో సగముమంది తనకు వెనుక నుండవలెనని అర్థము. ఆ హద్దు దాటినను సీటు వచ్చినట్లు కాదు. 2024లో ఈ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైబడిరి. దేశమంతటను ఉన్న సీట్లు లక్షకు కొంచెము పైగా మాత్రమే. హద్దుకు క్రింద నిలిచినవారికి ఈ సంగతి ఏ అలంకారము లేకుండ తెలియవలెను. దానిని మరుగుపరచి చేయు ప్రోత్సాహము ప్రేమ కాదు.

అయితే గోల్ ఘర్ యువతికి ఒక సదుపాయమున్నది. 2015వ సంవత్సరమునకు ముందు ఈ దీవులలో వైద్య కళాశాలయే లేదు. కేంద్ర ప్రభుత్వము కేటాయించు కొద్ది సీట్లకై పిల్లలు సముద్రము దాటి పోవలసియుండెను. ఆ సంవత్సరము పోర్టు బ్లెయిరులో 100 సీట్లతో అండమాన్ నికోబార్ దీవుల వైద్య విజ్ఞాన సంస్థ ఆరంభమైనది. అందులో దీవుల పిల్లలకు ప్రత్యేక కేటాయింపున్నది. తన పేటనుండి నడిచి పోదగిన దూరములో తెరచియున్న తలుపును చూచి తల్లిదండ్రులు ఆశపడుటలో తప్పు లేదు. కాని ఆ కేటాయింపు ఎవరికొరకు? విద్యార్థికొరకని అందరు అందురు. నిజమునకు అది రోగికొరకు. పోర్టు బ్లెయిరుకు దక్షిణముగా కారు నికోబారు సుమారు 270 కిలోమీటర్లు; కాంప్‌బెల్ బే ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అక్కడ జబ్బు ముదిరినవారిని ఓడమీదనో హెలికాప్టరుమీదనో జి.బి. పంత్ ఆసుపత్రికి చేర్చుదురు. గాలివానలు వచ్చినచో అదియు నిలిచిపోవును. అట్లు వచ్చి మంచముమీద పరుండిన గర్భిణి, "అయ్యా, మీకు భౌతికశాస్త్రములో ఎన్ని మార్కులు?" అని అడుగదు. అడుగుటకు ఆమెకు వీలులేదు. ఆమె పక్షమున అడుగుటకే పరీక్షయున్నది. ఆ యింట జరుగు చర్చలలో తండ్రి యున్నాడు, తల్లి యున్నది, పెద్దలున్నారు, బంధువులున్నారు. ఆ గర్భిణికి మాత్రము ఆసనము వేసినవారు లేరు.

ఆమెకొరకు, తక్కువ మార్కుల యువతి ప్రక్కకు తొలగవలెనా? అక్కరలేదు. దరఖాస్తు పెట్టుట అనగా సీటు తీసికొనుట కాదు, తీర్పుకు లోబడుట. ద్వారమునొద్ద నిలిచి, తెరువబడునో లేదో చూచుటవలన ఏ రోగికిని హాని కలుగదు. ద్వారము దాటినవారిని కూడ ఆ తీర్పు విడిచిపెట్టదు: నాలుగున్నర యేండ్ల చదువు, ఏడాది ఆసుపత్రి శిక్షణ, మొదటి సంవత్సరపు పరీక్షకు నాలుగు ప్రయత్నములకు మించి లేవు, తొమ్మిదేండ్లలో చదువు ముగియవలెను. ద్వారమును తప్పించుకొని గోడదూకుటలోనే హానియున్నది. పొలమమ్మి సీటు కొనుట, లేని నివాసమును ఉన్నట్లు కాగితములు పుట్టించుట, ఎవరినో పట్టుకొని జాబితా మార్పించుట మున్నగువాటిని దేవుడు తెరచిన మార్గమని సాక్ష్యము చెప్పువారును ఉన్నారు. వారినిగూర్చి ఇంతకంటె వ్రాయ పనిలేదు.

సాక్ష్యములంటే మరియొక మాట. తక్కువ మార్కుల పిల్లలకు ధైర్యము చెప్పుటకు డేవిడ్ లివింగ్‌స్టన్ కథ తరచుగా చెప్పబడును. పదియేండ్ల ప్రాయముననే నూలుమిల్లులో పనికి చేరిన ఆ బాలుడు పెద్దవాడై మిషనెరీ శిక్షణలో నున్నప్పుడు, ప్రసంగింప లేచి, చెప్పవలసినది మరచి దిగిపోయెను. అతని గురువు వ్రాసిన నివేదిక ఆశాజనకముగా లేదు. మిషను సంఘము అతనిని దాదాపు త్రోసివేయబోయి, మరికొంత గడువిచ్చెను. కథ చెప్పువారు ఇక్కడ ఆగుదురు. ఆగకూడదు. 1840లో గ్లాస్గోలో అతడు వైద్యపు పట్టా పరీక్షకు కూర్చుండెను. స్టెతస్కోపు విషయమై పరీక్షకులతో భేదాభిప్రాయము వచ్చి, పరీక్ష వాడుకకంటె దీర్ఘముగాను కఠినముగాను జరిగెనని అతడే వ్రాసికొనెను; అయినను నెగ్గెను. అతడు తడబడినది ప్రసంగములో, వైద్యములో కాదు. వేలూరు సంగతియు అట్టిదే. 1918లో ఐడా స్కడ్డర్ స్త్రీలకు వైద్య పాఠశాల తెరువబూనినప్పుడు, ముగ్గురైనను దరఖాస్తు పెట్టుదురా యని మద్రాసు అధికారి సందేహించెను. వందకు పైగా వచ్చినవి. పురుషులే అయిదుగురిలో ఒకరు నెగ్గు పరీక్షలో మొదటి తరగతి బాలికలందరును నెగ్గిరి. వారి విషయములో తక్కువగా నుండినది మార్కులు కాదు, లోకుల అంచనా. ఈ రెంటిని కలిపివేసి, లోకము తక్కువగా చూచినవారిని దేవుడు హెచ్చించెను గనుక తక్కువగా చదివినవారిని కూడ హెచ్చించునని చెప్పుట పిల్లలను మోసగించుట. లివింగ్‌స్టన్‌నుండి ఆ యువతి నేర్చుకొనదగినది వేరు: తనను తూచు త్రాసునుండి అతడు పారిపోలేదు.

మరి ఆమె మౌనమునకు కారణమేమి? భౌతికశాస్త్రము కాదు. ఆమె పుట్టిన దినములలో జ్వరము వచ్చి ప్రాణముమీదికి రాగా, బ్రదికినచో డాక్టరును చేసి నీ సేవకు సమర్పించెదనని తల్లి మ్రొక్కుకొన్నది. ఈ మాట సంఘమంతటికిని తెలియును. ఆ బిడ్డ ఓడిపోయినచో, ఇప్పుడు ఓడునది ఒక పరీక్ష కాదు, దేవునికిచ్చిన మాట. పందొమ్మిదేండ్ల పిల్లమీద ఇంత బరువు!

న్యాయాధిపతుల గ్రంథము 11వ అధ్యాయములో యెఫ్తా మ్రొక్కుబడి యున్నది. మ్రొక్కినవాడు తండ్రి, దాని వెల చెల్లించినది కుమార్తె. ఆ అధ్యాయమును ఆదివారపు బడిలో త్వరగా దాటివేయుదురు గాని, తల్లిదండ్రులు దానియొద్ద కొంచెము నిలువవలెను. హన్నాయు మ్రొక్కుకొన్నది, ఆమె సమూయేలును దేవునికి ఇచ్చెను గాని, అతడు ఫలానా పదవిలో నుండవలెనని దేవునితో ఒప్పందము వ్రాయించుకొనలేదు. మందిరములో దీపముయొద్ద పరుండిన బాలుని పేరు పెట్టి పిలిచినది ఎవరు? తల్లి కాదు గదా. బిడ్డను సమర్పించుట ఒకటి. బిడ్డకు వృత్తిని నిర్ణయించి ఆ నిర్ణయమును దేవుని పేరిట ముద్రవేయుట వేరొకటి. రెండవదానిని తల్లి వదలుకొనగలిగినచో, మొదటిది చెడదు.

ఆ ముద్ర తీసివేసినచో లెక్క తేటయగును. భౌతికశాస్త్రము రానిదా, నేర్పువారు లేక విడువబడినదా? ఒక యేడాది శ్రద్ధతో పట్టుబడునా? ఎన్నిసార్లు వ్రాయవలెను? ఈ ప్రశ్న ముఖ్యము, ఏలయనగా నీట్‌కు ప్రయత్నముల సంఖ్య నిర్ణయింపబడలేదు. గరిష్ఠ వయస్సు హద్దును కూడ 2022లో తీసివేసిరి. ప్రభుత్వము హద్దు పెట్టనిచోట ఇంటివారే పెట్టుకొనవలెను. లేనియెడల ఆశ పేరున యౌవనము కరిగిపోవును. ఒక్కసారి, నిండుమనస్సుతో, ముందుగా మాట అనుకొని వ్రాయుట ఆ యింటికి తగిన లెక్కగా తోచుచున్నది. అటు తరువాత నర్సు చదువో, ప్రయోగశాల పనియో వచ్చినచో, దానిని మిగిలిపోయినవారి పని యని చెప్పకుందురు గాక. మందు పాలు తప్పినచో నర్సు చేతిలోను రోగి చచ్చును. మారుమూల దీవిలోని ఉపకేంద్రములో రోగికి మొదట కనబడు ముఖము ఆమెదే. గుంటూరులో ఆసుపత్రి కట్టించిన అన్నా కుగ్లర్ వైద్యురాలై యుండి 1883లో ఇండియాకు వచ్చినప్పుడు, ఆమెకు మొదట అప్పగింపబడినది వైద్యము కాదు, స్త్రీల మధ్య బోధనాపని. ఆమె దానిని చేసెను.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో ఇద్దరు నిలువబెట్టబడిరి. చీటి మత్తీయ పేరట వచ్చెను. రెండవవాడు బర్సబ్బా అనబడిన యోసేపు. అతనికి యూస్తు అను మారుపేరును కలదు. అతడు సిగ్గుపడెననిగాని, ఇంటికి పోయి తలుపు వేసికొనెననిగాని లూకా వ్రాయలేదు. లూకా వైద్యుడు, రోగి స్థితిని కనిపెట్టి వ్రాయుట యెరిగినవాడు. యోసేపు నిలువబడుటకు ఒప్పుకొనెను, అంతే. అతని మూడు పేర్లును గ్రంథములో నిలిచియున్నవి.

దరఖాస్తు గడువునకు ముందు ఆదివారమున ఆ తల్లి ఎప్పటివలె ప్రార్థన చీటి తీసికొనును. మూడేండ్ల అలవాటు గనుక కలము తానే పాతమాట వ్రాయబోవును. అప్పుడామె చేయి ఆగి, చీటిమీద కుమార్తె పేరు మాత్రము వ్రాసి, మడిచి, అయ్యగారి చేతికిచ్చినచో, ప్రక్క బల్లమీద కూర్చున్న ఆ అమ్మాయి దానిని చూడకపోదు.