కర్తృత్వ విచారము

బొమ్మలు లేక కేవలము వాక్యములతోనే నడచుచు, పలువురు కలసి ఆడునట్టి కంప్యూటరు ఆటలు కొన్ని యున్నవి. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా ఆరంభింపగా రిచర్డ్ బార్టిల్ పెంపొందించిన ‘మడ్’ అను ఆట వానికి మూలము. అందు కోట యనిన కోటను వర్ణించు నాలుగు పంక్తులే. తలుపు తెరువవలెనన్న ఆ మాటను టైపు చేయుటయే. నానాదేశములవారును మారుపేర్లతో అచ్చట కలసి తిరుగుచుందురు.

రేపల్లెలోని విద్యార్థి యొకడు ఇందు ప్రవేశింపగోరినచో మడ్‌లెట్ వంటి క్లయింటును ఇన్‌స్టాలు చేసికొని, ప్రొఫైలు నొకదానిని సృష్టించి, సర్వరు పేరును పోర్టు సంఖ్యను అందు నింపి, ఎన్‌కోడింగును సర్వరుతో పొసగునట్లు యూటీఎఫ్-8గా నియమించి (ఇది కుదరనిచో తెలుగు వాక్యము తెరపై పిచ్చిగీతలగును) కనెక్టు నొక్కినంత ద్వారము తెరచుకొనును. విచారింపదగిన విషయము ఆ మీద, ట్రిగ్గరుల యొద్ద మొదలగును.

ఆకలి యగుచున్నదను వాక్యము వచ్చినంతనే రొట్టె తిను ఆజ్ఞను క్లయింటే పంపునట్లు ముందుగా వ్రాసియుంచుట ట్రిగ్గరు. పరుల పేరు కనబడినంత కత్తి దూయునట్లును వ్రాయవచ్చును. అట్లు వ్రాసి, కంప్యూటరును వదలి, ఆ విద్యార్థి తెనాలి రైలెక్కిపోయెననుకొందము. ఆ వేళ వాని పాత్ర, ఆటకు క్రొత్తగా వచ్చిన యొక అమాయకుని కొట్టి దోచుకొనెను. ఆ పని యెవరిది?

ఆత్మ అకర్త, సాక్షిమాత్రమని వేదాంతమునుండి సమాధానము తెచ్చువారుందురు. నాకది సమ్మతము కాదు. అకర్తృత్వము అహంకారమును విడిచినవానికి చెప్పబడినదే కాని, దోచిన సొమ్మును తన సంచిలో నుంచుకొని దెబ్బ మాత్రము తనది కాదనువానికి కాదు. ఈ చిక్కును మీమాంసకులు నిక్కచ్చిగా విప్పిరి. యజ్ఞమున హోతయు అధ్వర్యువును ఉద్గాతయు తమ తమ పనులు నెరవేర్చి దక్షిణ పుచ్చుకొని తొలగుదురు. ఫలము సంకల్పము చెప్పిన యజమానునిదే. ట్రిగ్గరు వ్రాయుటయే ఇచ్చట సంకల్పము. మరియు బ్రహ్మ యను ఋత్విజుడు మౌనముగా కూర్చుండి, లోపము కలిగినచోట ప్రాయశ్చిత్తమునకు పూనుకొనును. మనిషి దగ్గర లేని ఆటను పెక్కు ఆటల నిర్వాహకులు నిషేధించుటలో, వారెరుగకయే, ఆ బ్రహ్మస్థానమును కాపాడుచున్నారని నా తలంపు.

మరి మారుపేరును మారువేషమును దోషమా? బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభ నటులై, ‘శ్రీకృష్ణ తులాభారము’న సత్యభామగా రంగమెక్కి, పురుషుడై యుండియు స్త్రీపాత్రల వలననే కీర్తి గడించి, 1956లో పద్మశ్రీ పొందిరి. ఆ జడ అరువుది, ఆ నగలు అరువువి. నడకలోని ప్రతి అడుగునందును మెలకువ మాత్రము ఆయనది. ఆటలోని పాత్రను అసత్యమనలేకపోవుట అందుచేతనే. అసత్యము ప్రవేశించునది పాత్రను నడుపువాడు లేచిపోయిన చోట.

ట్రిగ్గరులన్నియు నొక్క జాతివి కావు. చూపులేనివారనేకులు స్క్రీన్ రీడరుతో ఈ ఆటలాడుదురు. దెబ్బ తగిలిన నొక శబ్దము, మిత్రుడు పలికిన వేరొక శబ్దము వినబడునట్లు వారు ట్రిగ్గరులు వ్రాసికొందురు. అట్టి ట్రిగ్గరు ఆడువానికి బదులుగా పని చేయదు, జరుగుచున్నదానిని వాని చెవిని వేయును. పిమ్మట కత్తి దూయుటయో ఊరకుండుటయో వాడే నిర్ణయించును.