తెలియక మింగిన మాత్ర

తెలియక చేసినదానికి దోషం ఉంటుందా? బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో నాగసేన భిక్షువు తెలియనివాడికే ఎక్కువంటాడు: ఇనుప గుండు కాలుతోందని ఎరగనివాడే దాన్ని గట్టిగా పట్టుకుంటాడు. మాత్ర సంగతీ అంతే. పారాసిటమాల్‌లో కొంత భాగాన్ని కాలేయం విషంగా మారుస్తుంది. కాలేయంలోనే ఉండే గ్లూటాథయోన్ దాన్ని విరిచేస్తుంది. రోజూ మద్యం తాగేవాడిలో ఆ విషం పెరుగుతుంది, విరుగుడు తరుగుతుంది. తలనొప్పి తగ్గలేదని రోజులో నాలుగో డోలో 650 చించే చేతికి ఇదేమీ తెలియదు. ఐబుప్రొఫెన్ అయితే కడుపులో రక్తం కారే ముప్పు.

సంకల్పమే కర్మ అని బుద్ధుడే అన్నాడు కదా, మరి మాత్ర మింగినవాడి తప్పేముంది అనవచ్చు. నిజమే, లేదు. కానీ కాలేయం సంకల్పాన్ని విచారించదు. నాగసేనుడి మాట పాపం గురించే అయినా, ఉపమానం మాత్రం గాయం గురించి. నేరమంటూ ఉంటే అది తెలిసినవాడిది: ‘తాగుతారా?’ అని అడక్కుండా స్ట్రిప్పు కత్తిరించిచ్చే మందుల షాపుది. అమెరికాలో 1998లోనే తాగేవారికి ఈ ముప్పు గురించిన హెచ్చరికను మందు లేబుల్ మీద ముద్రించి తీరాలన్నారు.