ఇంటి కెమెరా ఎవరి కన్ను?

ఇంట్లో వాడుకోవడానికి వీడియో కెమెరా కొనాలంటే ఏం చూసి కొనాలి? మా ఇంట్లో ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 2003లో, వ్యాపారం కలిసొచ్చి చేతిలో నాలుగు డబ్బులాడుతున్నప్పుడు. రెండోసారి పోయిన వేసవిలో, అప్పుడు తీసిన క్యాసెట్లను చూడాలంటే అలాంటి పాత కెమెరానే ఇంకొకటి కావలసి వచ్చినప్పుడు. మొదటిదాన్ని ఎంచుకున్నది మా చిన్నాయన. రెండోదాన్ని ఎంచుకున్నది ఆ క్యాసెట్లలో బొమ్మగా ఉన్న మనిషి.

మాది పామిడి. అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో, పెన్న ఒడ్డున ఉంటుంది. పెన్న అంటే మాకు నీళ్ల కంటే ఇసుకే ముందు గుర్తుకొస్తుంది. వానను నమ్ముకోలేని నేల కాబట్టి ఊళ్లో చాలామంది బట్టను నమ్ముకున్నారు. బట్టల అంగళ్లు, ఇళ్లల్లో మిషన్ల మీద కుట్టే నైటీలు. చిన్నాయనదీ ఆ వ్యాపారమే. సరుకు కోసం బెంగుళూరు పోయినవాడు ఒక హ్యాండీక్యామ్ తెచ్చాడు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న జూమ్ అంకె చూసి కొన్నానని చెప్పేవాడు. "ఏటికి ఆ గట్టున నిలబడినోళ్ల మొగం ఈ గట్టు నుంచి కనపడుతుంది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

ఆ అంకెలో నిజం తక్కువ. కటకాలు కదిలి బొమ్మను దగ్గరికి తెచ్చేది ఆప్టికల్ జూమ్. అలాంటి కెమెరాల్లో అది ఇరవై రెట్లో, ఇంకొంచెం ఎక్కువో ఉండేది. డబ్బా మీద వందల్లో రాసేది డిజిటల్ జూమ్, అంటే దొరికిన బొమ్మనే సాగదీసి చుక్కలు చుక్కలుగా పెద్దది చెయ్యడం. ఇది కొనుగోలుదారులు తెలుసుకోవలసిన సంగతి. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ఇంటి కోసం కొనే కెమెరాకు అంత జూమ్ ఎందుకు? ఇంట్లో దూరంగా ఉన్నదెవరు? పక్కన పోయి కూర్చుంటే కనపడే మనుషులే కదా. దగ్గరికి పోకుండానే చూసే వీలు జూమ్ ఇస్తుంది. దగ్గరికి పోతే "ఏంది తీస్తాండావు?" అని అడుగుతారు. అడిగితే జవాబు చెప్పాలి. వద్దంటే ఆపాలి.

కెమెరా తయారుచేసేవాళ్ల ఊహలో కూడా ఈ చూపే ఉంటుందని ఒక్కోసారి బయటపడుతుంది. 1998లో సోనీ కంపెనీ 'నైట్‌షాట్' అనే సౌకర్యం ఉన్న హ్యాండీక్యామ్‌లను మార్చవలసి వచ్చింది. చీకట్లో నిద్రపోయే పిల్లల్నో, రాత్రిపూట జంతువుల్నో తీసుకోవడానికని పెట్టిన పరారుణ కాంతి సౌకర్యం అది. పగటి వెలుగులో ఒక ఫిల్టర్ తగిలించి వాడితే పలచటి దుస్తుల గుండా లోపల కనిపిస్తుందని జపాన్‌లో బయటపడింది. పగలు అలా పని చెయ్యకుండా ఆ తర్వాత మార్చారు. పిల్లల నిద్ర కోసం చేసిన యంత్రంతో ఆడవాళ్ల ఒళ్లు చూడొచ్చని కనిపెట్టడానికి ఎంతో కాలం పట్టలేదు.

సినిమాలో మగ చూపు గురించి లారా మల్వీ 1975లో రాసిన వ్యాసాన్ని మనలో చాలామంది పాఠంగా చదువుకున్నాం, పాఠంగా చెప్పాం. అక్కడ ప్రేక్షకుడు చీకట్లో ఉంటాడు, తెర మీది స్త్రీ అతన్ని ఎరగదు. ఇంటి వీడియోలో చీకటి లేదు. చూసేవాళ్లు మన నాన్న, మామ, పక్కింటి అన్న. వాళ్లు చూస్తున్నారని మనకు తెలుసు, మనకు తెలుసని వాళ్లకూ తెలుసు. అయినా ఆపలేం, ఎందుకంటే అది 'మనిల్లు'. అమెరికాలో ఇంటి సినిమాల చరిత్ర రాసిన ప్యాట్రీషియా జిమ్మర్మన్ పుస్తకం 1995లో వచ్చింది. ఈ తీరిక కళ కుటుంబం అనే భావనను ఎలా పోతపోసిందో అందులో చూపిస్తుంది. చదువుతున్నంతసేపూ నాకు మా చిన్నాయనే కనిపించాడు.

మా ఇంట్లో మిగిలినవి తొమ్మిది క్యాసెట్లు. అంగడి ప్రారంభం, తిరుపతి ప్రయాణం, రెండు పెళ్లిళ్లు, భోగేశ్వరస్వామి గుడి. అంగడి ప్రారంభం క్యాసెట్‌లో వెనక వరసలో మిషన్ల మీద వంగిన వీపులు కొన్ని కనిపిస్తాయి. నైటీకి ఇంతని కూలికి కుట్టే ఆడవాళ్లు. ముఖాలు లేవు. కెమెరా వాళ్లను దాటి రిబ్బన్ కత్తిరిస్తున్న పెద్దమనిషి దగ్గరికి పోతుంది.

నాలుగో క్యాసెట్ మా చెల్లెలిది, అంటే చిన్నాయన కూతురిది. పెద్దమనిషి అయినప్పటిది. అప్పుడు దానికి పన్నెండేళ్లు, నేను తొమ్మిదో తరగతి. మేడ మీది గదిలో చాప మీద కూర్చోబెట్టారు. మగవాళ్లు ఆ గది గడప తొక్కకూడదన్నది మా ఆచారం. జూమ్ గడప తొక్కలేదు, ఎదురు మిద్దె మీద నుంచి కిటికీలోకి పోయింది. గుమ్మం బయటి నుంచి చూస్తే అది తండ్రి ముచ్చటే. చాప మీద కూర్చుని, కడుపునొప్పితో మోకాళ్లు దగ్గరికి లాక్కున్న పిల్ల వైపు నుంచి చూస్తే? తనను తీశారని ఫంక్షన్ రోజు సాయంత్రం దానికి తెలిసింది, టీవీకి వైరు తగిలించి చుట్టాలందరికీ చూపించినప్పుడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, మన ఇళ్లల్లో అలాంటప్పుడు నవ్వే నవ్వు. అది లేచి లోపలికి పోయింది.

అదే క్యాసెట్‌లో మా అవ్వ ఉంది. ఫంక్షన్ రాత్రి కెమెరాను స్టూలు మీద పెట్టి, ఆపకుండా వదిలేశారు. అవ్వ మనవరాలి పక్కన కూర్చుని, తనకు పన్నెండేళ్లప్పటి సంగతి చెబుతుంది. 1952 కరువులో గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడటం, ఆ వరసలోనే తను పెద్దమనిషి కావడం. జూమ్‌తో తీసిన భాగంలో బొమ్మ దగ్గరికొచ్చింది గానీ మాట రాలేదు. మైకు తీసేవాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి గాలి, పక్కింటి మిషన్ చప్పుడే పడ్డాయి. స్టూలు మీది కెమెరా మూడడుగుల దూరంలో ఉంది. అవ్వ గొంతు పడింది. అవ్వ 2011లో పోయింది. కదిలే బొమ్మగా ఆమె మాట్లాడుతున్నది అదొక్కటే.

రాయలసీమ కరువు గురించి గెజిటీర్లలో అంకెలున్నాయి. గంజి వరసలో నిలబడ్డ పన్నెండేళ్ల పిల్ల ఒంటి గురించి ఏముంది? 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పటి నుంచీ మనం నేర్చుకున్నది ఇదే కదా, స్త్రీల గొంతు నమోదు కాకపోవడం చరిత్రకు నష్టమని. పరిశోధకురాలిగా నాకు ఆ నాలుగైదు నిమిషాలు కావాలి. చిన్నాయనకు తన తల్లి కావాలి. ఆయన కోరిక నా కోరిక కంటే తక్కువదేమీ కాదు.

చెల్లెలు వద్దంది. "ఆ క్యాసెట్ ఎవురూ పెట్టొద్దు" అంది. అవ్వ కోసమే గదా అంటే, "అవ్వ నాతో మాట్లాడింది. మీతో కాదు" అంది.

ఈ మాటకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. తీసినవాడిది బొమ్మ అంటే చిన్నాయనది. కుటుంబానిది అంటే అందరిదీ. మనం ఇంతకాలం మౌనాన్ని అణచివేతగానే చదివాం. ఇక్కడ ఒక స్త్రీ తన బొమ్మ మౌనంగా ఉండాలని గొంతెత్తి అడుగుతోంది. ఆమె హక్కును అవ్వ గొంతు కోసం పక్కన పెట్టమనడం, స్త్రీల చరిత్ర పేరుతో ఇంకో స్త్రీని మళ్లీ చాప మీద కూర్చోబెట్టడమే అవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. ఇంటి గోప్యత స్త్రీల మీద జరిగే హింసకు ముసుగు కాగలదన్న స్త్రీవాద విమర్శనూ ఆ తీర్పు పట్టించుకుంది. ఇంటి బయటి చూపు నుంచి కాపాడేవాళ్లున్నారు సరే. ఇంటి లోపలి చూపు నుంచి కాపాడమని ఏ గుమ్మం దగ్గర అడగాలి?

చూపు ఎక్కడ నిలబడిందన్నదే అసలు సంగతి అని తెలుగు నేల మీద కెమెరా పట్టిన స్త్రీలు ఎప్పుడో తేల్చేశారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు 1990ల చివర్లో వీడియో నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాల మీద వాళ్లు తీసిన చిత్రం దేశదేశాల్లో ఆడింది. బడికి పోని ఆ స్త్రీలు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందనుంచి తలెత్తి చూసేది గాసగాడి షాట్. కళ్లకు కళ్లు సమంగా ఉండేది సంఘం షాట్. నేను పీహెచ్‌డీ కోసం చదివిన సిద్ధాంత గ్రంథాల్లో ఇంత పొదుపైన మాట దొరకలేదు. ఎదురు మిద్దె మీది జూమ్ షాట్‌కు వాళ్లయితే ఏం పేరు పెట్టేవాళ్లో!

సరే, కెమెరా కొనాలి. ఈసారి ఎంపిక చెల్లెలికే వదిలాం. మాటలతో తేలని వాదన యంత్రం దగ్గర తేలింది. మా క్యాసెట్ల మీద హై8 అని ఉంటుంది, లోపల పడింది మాత్రం డిజిటల్8 పద్ధతిలో. పాత హై8 కెమెరాలో అది ఆడదు, డిజిటల్8 కెమెరానే కావాలి. డల్లాస్‌లో ఉన్న మా బావ అక్కడ చవకగా దొరుకుతుంది, పంపిస్తానన్నాడు. అది కుదరదు. అమెరికా కెమెరా ఎన్‌టీఎస్‌సీ, మన క్యాసెట్లు పాల్. ఎక్కువ ఆలోచించే వ్యవధీ లేదు. క్యాసెట్లు ఆడించే యంత్రాలు కనుమరుగైపోతున్నాయని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. చివరికి బెంగుళూరులో పాత కెమెరాలు బాగుచేసే ఒకతని దగ్గర రెండు దొరికాయి. ఒకటి అన్నీ సరిగ్గా ఉన్నది. ఇంకోదానికి పక్కకు తెరుచుకునే ఎల్‌సీడీ తెర చచ్చిపోయింది, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మాత్రం బతికుంది.

చెల్లెలు తెర చచ్చిపోయినదాన్ని తీసుకుంది. ధర తక్కువని కాదు. "దీంట్లో ఒగసారికి ఒగరే చూడచ్చు" అంది.

టీవీకి తగిలించే వైరుకు మూడు పిన్నులుంటాయి. పసుపు బొమ్మది, తెలుపు, ఎరుపు శబ్దానివి. అది పసుపు పిన్నును అలాగే వేలాడనిచ్చి, మిగతా రెంటినీ రికార్డర్‌కు తగిలించి, అవ్వ మాట్లాడిన భాగం ఎక్కించి మాకు పంపింది. నాలుగు నిమిషాల చిల్లర. మధ్యలో ఒకచోట అవ్వ ఆగి, "నొప్పి తగ్గిందా?" అని అడుగుతుంది. దానికి చెల్లెలు ఏదో అంటుంది, వినపడదు. చిన్నాయన ఆ మాట దగ్గరికి మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుని వింటున్నాడని చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. బొమ్మ ఏదని ఆయన ఇంతవరకు అడగలేదంట.

నాలుగో క్యాసెట్ దాని దగ్గరే ఉంది. ఏం చేసిందో నేనడగలేదు. మిగతా ఎనిమిదీ సంక్రాంతికి పామిడికి తెస్తానంది, ఈసారి పసుపు పిన్ను కూడా తగిలించి అందరికీ చూపిస్తుందంట. ఒక షరతు పెట్టింది. అంగడి ప్రారంభంలో మిషన్ల మీద వంగి ఉన్నవాళ్లలో ఇద్దరు ఇంకా మా వీధిలోనే ఉన్నారు. ముందు వాళ్లనడిగి రమ్మని నాకు పని చెప్పింది.