నెగెటివ్ నీ దగ్గరే ఉండాలి

బుజ్జీ,

మొన్న ఫోన్‌లో ఏడ్చావు. తెల్లవారుజామున మూడింటికి లేచి, చలికి వణుకుతూ కొండెక్కి, లంబసింగిలో తీసిన మంచు ఫొటోని ఎవరో లాడ్జివాళ్లు ఫ్లెక్సీకి వేసుకున్నారు. పైగా కిందున్న నీ పేరు కత్తిరించేశారు. "ఇక ఒక్క ఫొటో కూడా పెట్టను మామయ్యా" అన్నావు. ఆ పూట నిన్ను ఊరుకోబెట్టడంతోనే సరిపోయింది. చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నా.

పెట్టడం మానకమ్మా. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? నలుగురూ చూడకపోతే మన పనికి విలువేముంది?

స్టూడియో నడిపిన రోజుల్లో నేను రెండు పనులు మానేవాణ్ని కాదు. ప్రతి ప్రింటు వెనకా రబ్బరు స్టాంపు వేసేవాణ్ని. ప్రతి నెగెటివ్‌నీ కవర్లో పెట్టి, నంబరూ తేదీ రాసి, ట్రంకుపెట్టెలో దాచేవాణ్ని. ప్రింట్లు ఊరంతా తిరిగేవి, నెగెటివ్ మాత్రం గడప దాటేది కాదు. ఎవరైనా "ఇది నేను తీసిందే" అని వాదిస్తే పెట్టె తెరిచేవాణ్ని. అంతటితో తగువు తీరేది.

ఇప్పుడు నీ నెగెటివ్ కెమెరాలోని రా ఫైలే. తేదీ ప్రకారం సర్ది, రెండు చోట్ల దాచుకో. దాన్ని ఎవరికీ పంపకు. పైకి పెట్టేది చిన్న సైజు కాపీ చాలు. ఫ్లెక్సీకి సాగదీస్తే పగిలిపోవాలది. పేరు మూలన వేస్తే కత్తెరకి దొరుకుతుంది, అందుకే చెట్టు మొదట్లోనో కొండ అంచునో కలిసిపోయేలా వెయ్యి. వాట్సాప్‌లో వెళ్లిన కాపీని మాత్రం నెగెటివ్ అనుకోకు. ఫొటోని అందులో మామూలుగా పంపితే సైజు తగ్గడమే కాదు, లోపల దాగిన తేదీ, కెమెరా వివరాలు కూడా పోతాయి.

ఇక చట్టం మాట. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని లెక్కలో ఫొటో తీసిన మనిషే దాని కర్త. రిజిస్టర్ చేయించకపోయినా హక్కు పోదు. 2012 సవరణ తర్వాత ఆ హక్కు నీ జీవితకాలమంతా, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. పేరులాంటి గుర్తులను కావాలని చెరిపేయడాన్నీ ఆ సవరణే నేరం చేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పుడు నువ్వు ఆ కంపెనీకి వాడుకునే అనుమతి ఇస్తావు, యాజమాన్యం కాదు. ఆ అనుమతి లాడ్జివాళ్లకి వర్తించదు.

బయటి దేశంలో జరిగిందొకటి విను. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు డేనియల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ తన ఫొటోలు ట్విట్టర్‌లో పెట్టాడు. ఇంకొకడు వాటిని తనవిగా చూపించుకున్నాడు. వార్తాసంస్థ ఏఎఫ్‌పీ, ఫొటోల సంస్థ గెట్టీ వాటిని ప్రపంచమంతా పంచాయి. "ట్విట్టర్‌లో ఉన్నాయిగా" అన్న వాదన కోర్టులో నిలవలేదు. 2013లో న్యూయార్క్ జ్యూరీ ఆయనకి 12 లక్షల డాలర్లకి పైగా ఇమ్మంది.

అలాగని రేపే లాయరు దగ్గరికి పరిగెత్తకు. ముందు ఆ ఫ్లెక్సీని తేదీ తెలిసేలా ఫొటో తీసి పెట్టుకో. తర్వాత మర్యాదగా ఫోన్ చెయ్యి. "ఇది నా ఫొటో, ఒరిజినల్ నా దగ్గరుంది. పేరు వేసి డబ్బు ఇస్తారా, తీసేస్తారా?" అని అడుగు. చాలామంది తెలియక చేస్తారు, అడిగితే సర్దుకుంటారు. వినకపోతే లాయరు నోటీసు ఎలాగూ ఉంది. ఆన్‌లైన్‌లో వాడుకుంటే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకి కాపీరైట్ ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇంకో మాట, ఇది నీకు చేదుగా ఉంటుంది. పెళ్లివాళ్లు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వాళ్లదే. పెళ్లికూతురి ఫొటో నీ పేజీలో పెట్టాలంటే అడ్వాన్సు తీసుకునేటప్పుడే కాగితం మీద రాయించుకో.

చివరిగా, కిందటి నెల నువ్వు ఒక అరకు ఫొటో పంచుకున్నావు. కింద "సౌజన్యం: గూగుల్" అని రాశావు. గూగుల్ ఏనాడైనా అరకు కొండెక్కిందా తల్లీ? దాన్ని తీసినవాళ్లూ నీలాగే చలికి వణికే ఉంటారు. లాడ్జికి ఫోన్ చేసే ముందు తీసినవాళ్ల పేరు వెతికి రాయి. దొరక్కపోతే తీసెయ్యి.

మీ మామయ్య